దంపతుల శాకాహారవ్రతము: చారిత్రక విమర్శ



మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. రాజుల యుద్ధములను గూర్చియు, పూర్వుల వంశావళులను గూర్చియు వ్రాయగల పెద్దలు మనలో పెక్కురు గలరు. మేము మాత్రము వంటయింటి చరిత్రను వ్రాయ నిశ్చయించితిమి. కులముల చరిత్రలో సగభాగము వంటయింటనే జరిగినదని మా విశ్వాసము. ఎవరి చేతి యన్న మెవరు తినవచ్చును, ఏ పండుగకు ఏ జీవమును కోయవలెను, ఏ కూర వండినచో గౌరవము, ఏది వండినచో అగౌరవము అను ప్రశ్నలమీదనే గదా మన పెద్దలు పంచాయతులు దీర్చినది!

ఈ విషయమును మేము స్వీకరించుటకు కారణము గలదు. మా దూలపల్లిలోను, చుట్టుపట్ల మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలోను మన కులమునకు జెందిన కొందరు యువదంపతులు మాంసమునేగాక పాలు, పెరుగు, నేయి సైతము విడిచి కేవల సస్యాహారమును స్వీకరింప గోరుచున్నారు. కొందరు పెద్దలు వారిని ఆక్షేపించుచున్నారు. మరికొందరు, ఇది మన కులమునకు గొప్ప గౌరవము దెచ్చును గనుక మహాసభలో తీర్మానముచేసి అందరిపై విధింపవలెనని వాదించుచున్నారు. ఈ రెండు పక్షములకును చరిత్ర చెప్పుమాట యేమో విచారించుట యుక్తము.

మొదట మన యూరి సంగతి. దూలపల్లి భాగ్యనగరమునకు ఉత్తరమున నున్నది. నైజాము రాజ్యకాలములోను, అటుపిమ్మటను చిరకాలము ఇది మెట్టపైరుల పల్లెయే. ఇప్పు డిచ్చట రాష్ట్ర అటవీ అకాడమీయు, అటవీ జీవవైవిధ్య సంస్థయు నున్నవి. అడవిని కాపాడు విద్య నేర్చుటకు దూరదేశములనుండి మన యూరికి వచ్చుచున్నారు. మేడ్చల్, శామీర్‌పేటల చుట్టుప్రక్కల ఒకప్పుడు అనాబేషాహి ద్రాక్షతోటలు పేరుగాంచి యుండెను. అందు పెక్కు తోటల స్థానమున నేడు ఇండ్లు లేచినవి. 2016 లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా యేర్పడినది. భూమి మారినది, పంట మారినది. పంట మారిన పిమ్మట కంచములోని యన్నమును మారక తప్పదు.

మన తాతలు తినిన దేమి? జొన్నరొట్టె, జొన్నగట్క, అంబలి, పుంటికూర పప్పు, చింతచిగురు, పచ్చిపులుసు, పల్లీల తొక్కు. మాంసము బోనాలనాడో, పెండ్లినాడో, చుట్టము వచ్చిననాడో దొరకునట్టిది. పోచమ్మకు కోసిన మేకను వాడకంతయు పంచినపుడు ఒక్కొక్క యింటికి వచ్చునది గుప్పెడు. కాబట్టి మన తాతలు మాంసభోజనులనియు, సస్యాహారము మనకు పరాయిదనియు చెప్పువారి మాట సగమే నిజము. మాంసము వారికి పండుగ. సస్యము వారికి బ్రదుకు. నేడు తెలంగాణమున మాంసము తినువారు నూటికి 98 మందికి పైగా నున్నారని 2014 నాటి ప్రభుత్వ గణనమువలన దెలియుచున్నది. కాని తినువారి సంఖ్య యెంత యన్నది వేరు, వారానికి ఎన్నిమారులు తినుచున్నారన్నది వేరు. పండుగ నిత్యకృత్యమగుటయే నేటి క్రొత్తదనము.

ఇక ప్రాచీన చరిత్ర. కర్నూలు జిల్లాలోని యెఱ్ఱగుడి బండలపై అశోక చక్రవర్తి శాసనములు గలవు. అవి క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమునాటివి. వానిలో మొదటి శాసనము వంటయింటి శాసనమే! పూర్వము రాజుగారి పాకశాలలో లక్షలకొలది జీవములు చంపబడుచుండె ననియు, ఇప్పుడు దినమునకు రెండు నెమళ్లు, ఒక జింక మాత్రమే చంపబడుచున్న వనియు, ఆ జింకయు ప్రతిదినము కాదనియు, ముం దీ మూడు జీవములును చంపబడవనియు దాని భావము. ఇందు రెండు విశేషములు గమనింపదగును. ఒకటి, చక్రవర్తి ఒక్కదినమున సర్వమును మానినట్లు బొంకలేదు. ఇంకను మూడు జీవములు మిగిలియున్నవని రాతిపై చెక్కించి యొప్పుకొనెను. వ్రతము పట్టువారి కిట్టి సత్యసంధత కావలెను. రెండవది, ఆ శాసనములోనే రాజు జనులు గుమిగూడి జరుపు సమాజోత్సవములను నిరసించి, కొన్ని సమాజములు మాత్రము మంచివే యని చెప్పెను. మన మహాసభ ఆ మంచి సమాజముల కోవలో జేరవలెనని మా కోరిక.

అయితే ఆ శాసనములో లేనిమాట యొకటి గలదు. రాజు మానెను. మరి రాణులో? వండువారో? శాసన మా సంగతి చెప్పదు. ఆహారనియమముల చరిత్ర యంతయు ఇట్లే వ్రాయబడినది. వ్రతము పట్టిన పురుషుని పేరు నిలిచినది. ఆ వ్రతమును ప్రతిదినము పొయ్యిమీద నెరవేర్చిన స్త్రీ పేరు నిలువలేదు.

ఆధునిక కాలమున ఈ యుద్యమమునకు తెలుగువారు చేసిన సేవ అల్పము కాదు. జర్మనీ దేశస్థుడైన లూయీ కూనే యను ప్రకృతి చికిత్సకుని గ్రంథమును 1894 లోనే ద్రోణంరాజు వెంకటచలపతి శర్మగారు తెలుగులోనికి దెచ్చిరి. భారతదేశమున ప్రకృతి చికిత్సోద్యమమునకు ఆ తెలుగుసేతయే ఆరంభమని చరిత్రకారులు చెప్పుదురు. కూనే సిద్ధాంతములో మాంసమునకు చోటులేదు. ధాన్యములు, కాయలు, పండ్లు రోగిని స్వస్థుని జేయునని యాతని మతము. మఱి ముప్పదియైదేండ్లకు, 1929 లో, గాంధీమహాత్ముడు ఆంధ్రదేశమున సంచరించునపుడు రాజమహేంద్రవరమున ప్రకృతి చికిత్స నడపుచుండిన సుందరం గోపాలరావుగారిని కలిసికొని, ఆయన ప్రోత్సాహమున నిప్పు తగులని యాహారమును ప్రారంభించెను. మొలకెత్తిన గోధుమలు, నూరిన బాదములు, పచ్చియాకులు, నిమ్మపండ్లు, తేనె, ఇవియే భోజనము. కొన్ని నెలలకే దేహము సహింపక ఆయన దానిని విరమించుకొని, ఆ మాటను తన పత్రికలో దాచక ప్రకటించెను. మహాత్ముడంతటివాడు తన ప్రయోగము తనకు పొసగలేదని చెప్పుకొనగలుగగా, మనవారు బిడియపడ నేల?

హైదరాబాదు నగర చరిత్రలో ఈ విషయమును స్మరింపవలసిన మహనీయుడు భాగ్యరెడ్డివర్మగారు. ఆయన 1888 మే 22న జన్మించి 1939 ఫిబ్రవరి 18న దివంగతులైరి. 1906 లో జగన్మిత్రమండలిని, 1911 లో మాన్యసంఘమును స్థాపించిరి. 1917 నవంబరులో బెజవాడలో జరిగిన సభకు అధ్యక్షులై, పంచములను పేరు మాకు తగదు, మేము ఆదిఆంధ్రులమని చాటించిరి. జీవరక్షా జ్ఞానప్రచారక మండలితో గలిసి పనిచేసి, జాతరలలో జీవబలులు మానుడని, మద్యమాంసములు విడువుడని బోధించిరి. బాలబాలికలకు పాఠశాలలు పెట్టించిరి. జోగిని దురాచారముపై పోరాడిరి. ఈ పనులన్నియు వారికి ఒక్క పనియే. నోరులేని జంతువును దేవతపేర కోయుటయు, నోరులేని బాలికను దేవతపేర నిచ్చుటయు ఒక్క వ్రేళ్లనుండి లేచిన చెట్లే యని మేము వారి జీవితమునుండి గ్రహించితిమి.

ఇచ్చట మన సంఘమువారు ఒక సంగతి నిర్భయముగా విచారింపవలెను. 1901 నాటి జనాభాలెక్కలలో రిజ్లీదొర కులములను హెచ్చుతగ్గులుగా వరుసపెట్ట యత్నించెను. అది మొదలు దేశమంతట కులసంఘములు తమ స్థానమును పైకి జరుపుకొనుటకై యర్జీలు పెట్టుకొనెను. మాంసము మానుట, విధవావివాహము మానుట, జందెము ధరించుట మొదలగునవి తీర్మానములలో ఒక్క వరుసను వచ్చుచుండెను. శ్రీనివాస్ పండితుడు 1952 లో ఈ రీతికి సంస్కృతీకరణమని పేరిడెను. చూడుడు! ఆహారశుద్ధి పేర చేసిన తీర్మానములలో స్త్రీల స్వాతంత్ర్యమును కోసివేసినవి యెన్నియో గలవు. మేకను బ్రదికించి విధవను బంధించినవారిని దయామయు లనుటెట్లు? కాబట్టి గౌరవముకొరకు శాకాహారము విధింపవలె ననువారితో మే మేకీభవింపజాలము. ప్రక్కవాడలో మాంసము తినువానిని చిన్నచూపు చూచుటకు పనికివచ్చు వ్రతము, జీవదయ గాదు. అది మరియొక తరహా హింస.

సస్యాహారమును దంపతులు కలిసి స్వీకరించిన చరిత్రకు ఇక వత్తము. పాలను సైతము వర్జించువారికి ‘వీగన్’ అను పేరు పాశ్చాత్యదేశమున 1944 నవంబరులో పుట్టినది. డోనాల్డ్ వాట్సన్ అను నింగ్లీషు ఉపాధ్యాయుడును, తరువాత నాతని భార్యయైన డొరొతీ మోర్గనును కలిసి ఆ పేరును ఏర్పరచిరి. మొదట ఆ సంఘపు చిన్న పత్రికను తెప్పించుకొన్నవారు ఇంచుమించు పాతికమంది. అది యుద్ధకాలము. సరకులు కొలతలమీద దొరకుచుండిన దినములు. అట్టి సమయమున నిద్దరు కలిసి పెట్టిన పేరు నేడు ఖండఖండాంతరములకు వ్యాపించినది.

మనదేశమున ప్రసిద్ధమైన యుదాహరణము కస్తూరిబాయి, గాంధీలది. దక్షిణాఫ్రికాలో నామెకు శస్త్రచికిత్స జరిగి ప్రాణము మీదికి వచ్చినపుడు వైద్యుడు గోమాంసరసము పట్టవలెననెను. గాంధీ యామెను అడుగుట తన విధియని యెంచి అడిగెను. ఆమె స్పష్టముగా నిరాకరించెను. ఆ దుర్బలస్థితిలోనే వర్షములో నామెను ఫీనిక్సు ఆశ్రమమునకు తీసికొని పోయిరి. అడుగక పట్టించియుండినచో ఏమయ్యెడిదో గాని, అడిగినందుననే ఆ నిర్ణయ మామెదైనది.

రెండవ ఘట్టము ఇంతకంటె మనోహరము. ఆమెకు మరల రక్తస్రావము గలుగగా, ఉప్పును, పప్పుదినుసులను మానుమని గాంధీ బ్రతిమాలెను. వైద్యులు మీకు చెప్పినను మీరు మానజాలరని యామె యనెను. వెంటనే యాయన తానొక్క సంవత్సరము అవి రెండును మానెదననియు, ఆమె మానినను మానకున్నను తన మాట తప్పదనియు చెప్పెను. ఆమె కన్నీరు పెట్టి, ఆ మాట వెనుకకు తీసికొనుడు, నేనును మానెదనని వేడుకొనెను. ఆయన తీసికొనలేదు. ఆమెయు మానెను. ఆయన దీనిని గృహసత్యాగ్రహ మని తన యాత్మకథలో వ్రాసికొనెను. మేము మహాత్మునియెడ భక్తి గలవారమే. అయినను ఒక్కమాట చెప్పక తప్పదు. ఇందు ప్రేమయు గలదు, బలవంతమును గలదు. రెండును ఒక్క పళ్లెములో వడ్డింపబడినవి.

మూడవ ఘట్టమున త్రాసు సరిపోయినది. 1912 లో టాల్‌స్టాయి క్షేత్రమున మిత్రుడైన కాలెన్‌బాకుతో గలిసి గాంధీ పాలు విడిచెను. 1918 లో కఠినవ్యాధి సోకి శరీరము శుష్కించిపోగా, పాలు లేక బ్రదుక డని వైద్యులు చెప్పిరి. వ్రత మడ్డువచ్చెను. అప్పుడు కస్తూరిబాయి, మీ వ్రతము ఆవు గేదెలనుగూర్చి గదా, మేకపాల కేమి యడ్డము అని దారి చూపెను. ఆయన మేకపాలు త్రాగి బ్రదికెను. వ్రతమున కక్షరము మిగిలినది, ఆత్మ పోయినదని ఆయన తుదివరకు నొచ్చుకొనెను. కాని దేశమున కాయన మిగిలెను! వ్రతము పట్టినది భర్త, వ్రతమును ప్రాణముతో సమన్వయపరచినది భార్య.

ఇంతవరకు మహాత్ముల కథలు. మా యింటి కథయు నొకటి చెప్పుటకు పాఠకులు అనుమతింతురుగాక. కొన్ని యేండ్లక్రిందట మేము మాంసమును, ఆపిమ్మట పాలను మానితిమి. ఇచ్చట ‘మేము’ అనగా వ్యాసకర్త యొక్కడే యని గ్రహింపవలెను. మా గృహిణి నడుగలేదు. ఒకదినము ప్రొద్దున ప్రకటించితిమి, అంతియే. నాటినుండి యామె రెండు పొయ్యిలమీద రెండు వంటలు చేసినది. మాకొకటి, పిల్లలకును మా తల్లిగారికిని ఒకటి. మా కంచములో నువ్వులపొడి, పప్పు, కూర లేని దినము లేదు. ఆమె యందరి తరువాత కూర్చుండి, మిగిలిన యన్నములో పచ్చడి కలుపుకొని తినెడిది. మా వ్రతమును గౌరవించి తానును మాంసము, పాలు మానినదని మాకు తెలియదు. మేమడుగలేదు, ఆమె చెప్పలేదు. ఏడాది గడిచిన పిమ్మట ఆమెకు మెట్లెక్కిన నాయాసము, అరికాళ్లు తిమ్మిరి. వైద్యులు రక్తమును పరీక్షించి, రక్తము క్షీణించినదనియు, బి పన్నెండు విటమిను అడుగంటినదనియు చెప్పిరి. బంధువులు శాకాహారమునే నిందించిరి. నిందింపవలసినది మమ్ము. వ్రతఫలము మాకు, ఉపవాస మామెకు దక్కినవి.

ఆపిమ్మట మే మిద్దరమును కూర్చుండి మొదటిమారు ఈ విషయమును మాటలాడుకొంటిమి. మా గృహిణి రెండు షరతులు పెట్టినది. ఇంట ఒక్క వంటయే యుండవలెను, దానిని వారములో సగము దినములు మేమే వండవలెను. ఇద్దరు నొక్కమారే కూర్చుండి తినవలెను. ఈ రెండును సాగుచున్నవి. పిల్లలు బంధువుల యింట తమకు నచ్చినది తినుచున్నారు. మా తల్లిగారికి పాలు పెరుగు లోటు లేదు. మా గృహిణి మందులతో, తగిన భోజనముతో తేరుకొన్నది. ఇప్పుడు సస్యాహారము మే మిద్దరము కోరి పట్టినది. దానిని ‘మేము’ అని చెప్పుటకు ఇప్పుడు మాకధికారము గలదు.

ఈ కథను మా యింటిదిగానే యెంచరాదు. 2019 మొదలు 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబారోగ్య గణనము ప్రకారము తెలంగాణమున 15 మొదలు 49 యేండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనతతో నున్నారు. మాంసము తినువారి యిండ్లలోనే యీ స్థితి! కుండలో మాంసమున్నను తుదకు కూర్చుండు స్త్రీకి అందునది పులుసే గదా! ఆహారము మార్చుటకు ముందు వడ్డన క్రమమును మార్చవలెనని దీనివలన దేలుచున్నది.

విజ్ఞానశాస్త్రము చెప్పునదియు వినవలెను. 1918 లో కూనూరున చిన్న పరిశోధనగా మొదలై, 1958 లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలో మనకు చేరువనే యున్నది. బి పన్నెండు విటమిను మొక్కలలో నమ్మదగినంత లభింపదు. కాబట్టి పాలుకూడ మానినవారు దానిని వైద్యుల సలహాతో విడిగా తీసికొనుట తప్పనిసరి. పత్రసంబంధమైన ఫోలిక్ ఆమ్లము మాత్రము మన ఆకుకూరలలోనే గలదు. ఆ పేరే లాటిను భాషలో ఆకు అను మాటనుండి పుట్టినది. దానిని కృత్రిమముగ తయారుచేసిన అమెరికా పరిశోధకబృందమునకు నాయకుడు మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల సున్నపుధాతువు గలదు. నువ్వులలో నంతకు మిక్కిలి గలదు. పప్పును ధాన్యముతో కలిపి తినినచో మాంసకృత్తుల లోటు తీరును. నిమ్మరసము పిండుకొనినచో ఆకుకూరలలోని యినుము బాగుగా వంటబట్టును. గర్భిణులు, బాలింతలు, పసిపిల్లలు, వృద్ధులు వైద్యుని అడుగక యే మార్పును చేయరాదు.

మరియొక చిక్కు గలదు. మన బంధువులలో పాడిగేదెలను నమ్ముకొని బ్రదుకువారు గలరు. గొఱ్ఱెలను కాచువారు మన యిరుగుపొరుగుననే గలరు. పాలు త్రాగుట పాపమని వేదికమీద మనము చెప్పినచో, తెల్లవారుజామున పాలక్యాను మోసికొనిపోవు మన సోదరుని ముఖమున నేమని చూడగలము? వ్రతము మనది, జీవనము వారిది. వారికి వేరు దారి చూపగలిగిననాడు గాని వారిని విమర్శించు హక్కు మనకు రాదు.

కావున మహాసభవారికి మా విన్నప మిది. శాకాహారమును విధించు తీర్మానమును గాని, నిషేధించు తీర్మానమును గాని చేయవలదు. అందులకు బదులుగా మూడు చిన్న యేర్పాట్లు చేయవలెను. మహాసభ భోజనములలో పాలు, నేయి తగులని వంటకములు గల పంక్తి యొకటి వేరు పేరు లేకుండ, వేరు గౌరవము లేకుండ ఉండవలెను. స్త్రీలు మొదటి బంతిలోనే కూర్చుండవలెను, పురుషులు వడ్డింపవలెను. సభాప్రాంగణమున స్త్రీలకు రక్తపరీక్ష ఉచితముగా జరుగవలెను. బోనాలలో జీవమునకు మారుగా గుమ్మడికాయను కొట్టదలచిన కుటుంబములను ఎవరును హేళన చేయరాదు. మేకను కోయు కుటుంబములను ఎవరును వెలివేయరాదు.

యెఱ్ఱగుడి బండపై చక్రవర్తి తన పాకశాలనుగూర్చి యున్నది యున్నట్లు చెక్కించెను. మనమును మన మన వంటయిండ్లనుగూర్చి అంతటి నిజమును చెప్పుకొనగలిగిననాడు ఆహారసంస్కారము దానంతట నది వచ్చును. భార్యాభర్తలు సమముగా కూర్చుండి, సమముగా వండి, సమముగా తినిన మెతుకునకు మించిన సాత్త్వికాహారము మరియొకటి లేదని విన్నవించుచు, పెద్దలకు నమస్కరించి, పిన్నలను దీవించి విరమించుచున్నాము.